వరుస ఎంత పొడుగుండాలి

"అక్క, ఇగ నాతోని కాదు. ఏదో ఒకటి నువ్వే తేల్చు" అని నాతో కలిసి కోడ్ రాసే ఆమె కోరుట్ల నుంచి మెసేజ్ పెట్టినప్పుడు నేను జగిత్యాలలో, మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రాక్టికల్ పరీక్ష చూస్తున్నాను. పరీక్ష అయ్యేదాకా ఫోన్ ముట్టుకోవద్దనుకుంటూనే తీసి చదివాను. చదివాక కుర్చీలో కూర్చోలేకపోయాను. బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే కాపీ కొట్టేవాళ్లను వెతుకుతున్నానేమో అని పిల్లలు బిగుసుకుపోయారు.

తేల్చాల్సిన సంగతి ఏమిటో చెబితే ఎవరైనా నవ్వుతారు. కోడ్‌లో ఒక వరుస ఎంత పొడుగుండాలి, ఎంత లోపలికి జరిపి మొదలుపెట్టాలి, ఎక్కడ విరగ్గొట్టాలి. అంతే. మా ఆయనకు చెబితే అన్నం కలుపుకుంటూ, "ఎట్లుంటే ఏందే? పనైతే చేస్తున్నది గద" అన్నాడు. పని చేస్తోంది. ఆయన మాటలో తప్పు లేదు. కానీ నాకు మాత్రం ముద్ద దిగడం లేదు.

మేం ముగ్గురం కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో కొట్టిన తెలుగు ఇప్పటి కంప్యూటర్లలో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. దాన్ని మళ్లీ చదవగలిగే తెలుగులోకి మార్చడం దాని పని. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. కోడ్ అంతా బహిరంగంగానే ఉంటుంది, తెలిసినవాళ్లు మార్పులు చేసి పంపొచ్చు. మొదలుపెట్టింది సిరిసిల్లలో ఒక లెక్కల సర్. ప్రభుత్వ బడిలో పనిచేస్తారు, రిటైరవడానికి ఇంకా కొన్నేళ్లుంది. తను ఎప్పుడో టైపు చేయించుకున్న పాఠాల నోట్సు కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే, ఎవరి కోసమో ఎదురుచూడకుండా తనే కోడ్ నేర్చుకుని రాశారు. తర్వాత నేను చేరాను. నా తర్వాత ఆమె. హైదరాబాద్ కంపెనీకి కోరుట్లలో ఇంట్లో నుంచే పనిచేస్తుంది. భర్త మస్కట్‌లో, అత్తగారు తనతో, ఇంకా మాటలు సరిగా రాని కొడుకు ఒడిలో. మా ముగ్గురిలో అసలైన ప్రోగ్రామర్ ఆమే. మెట్‌పల్లిలో ఒక పెళ్లిలో కలిశాం మేమిద్దరం. సర్‌ను మాత్రం ఇద్దరం ఎప్పుడూ చూడలేదు. ఫోన్లోనే.

కిందటేడు సర్ నాకు ఫోన్ చేసి, "మేడమ్, ఇగ ఏది తీసుకోవాల్నో ఏది అద్దో నువ్వే చూసుకో. నాకు బడి పని ఎక్కువైంది" అన్నారు. అప్పటి నుంచి వచ్చే మార్పులకు ఆఖరి మాట నాదయింది. అదొక గౌరవం అనుకున్నాను.

ఆ మధ్య బయటివాళ్లు రావడం ఎక్కువైంది. ఏ ఊరో, ఏం చేస్తారో తెలియని పిల్లలు మంచి మంచి మార్పులు పంపుతున్నారు. కానీ ఎవరి తీరు వాళ్లది. ఒకరు వరుసలు బాగా లోపలికి జరుపుతారు, ఇంకొకరు కొంచెమే. ఒకరి వరుస తెర దాటిపోతుంది. వాళ్లు పంపినదాంట్లో అసలు మార్పు ఒక్క చోట ఉంటే, ఖాళీలు సర్దినవి పది చోట్ల ఉంటాయి. వాటన్నింటినీ విడదీసి చూసే పని ఎక్కువగా ఆమె మీద పడింది. అందుకని అందరూ చూసే చర్చ పేజీలో ఒక ప్రతిపాదన పెట్టింది: ఫార్మాటర్ పెడదాం. అది కోడ్‌ను తనంతట తానే ఒకే తీరులో సర్దేస్తుంది. ఇక ఎవరూ ఎవరితోనూ వాదించక్కర్లేదు. నాకు నచ్చింది. బయటివాళ్లకూ నచ్చింది. సర్ ఒక్క ముక్క రాశారు: "నాకు సమ్మతం కాదు."

కారణం రాయలేదు. సర్ రాసే తీరు ముందు నుంచీ వేరే. వరుసలన్నీ పొట్టి పొట్టిగా, దాదాపు ఎడమ అంచుకు అంటుకుని ఉంటాయి. కొన్ని వరుసలకు ఒకసారి ఒక ఖాళీ వరుస. అక్షరాల పట్టికలు గుణింతం చెప్పినట్టు కిందికి దిగుతాయి. ఫార్మాటర్ పెడితే ఆ పొట్టి వరుసలను కలిపి పొడుగ్గా చేసేస్తుంది. ఆమె మొదట్లో ఓపికగానే అడిగింది: "సర్, ఎందుకు వద్దో చెప్పండి, దాన్ని బట్టి చూద్దాం." ఆయన, "పొట్టి వరుస చదవడానికి సులువు" అన్నారు. "పొడుగు వరుసను మడిచి చూపించే ఏర్పాటు ఎడిటర్‌లోనే ఉంది కదా సర్" అంది. "అది సరిపోదు" అన్నారు. ఇలా సాగింది. బయటి కుర్రాడొకడు, మాకు చాలా పని చేసిపెట్టినవాడే, పాత అలవాట్ల కోసం అందరినీ వెనక్కి లాగడం న్యాయమా అని ఇంగ్లీషులో రాశాడు. ఆ రోజుతో సర్ జవాబులు ఆగిపోయాయి. ఆయన నుంచి కోడ్ రావడం కూడా ఆగిపోయింది.

ఆ రోజుల్లో నా మనసు ఒక చోట నిలవలేదు. క్లాసులో పాఠం మధ్యలో ఆగి ఏం చెబుతున్నానో మరిచిపోయేదాన్ని. కూరగాయల మార్కెట్లో బెండకాయలు ఏరుతూ వదిలేసి ఫోన్ తీసేదాన్ని. ఒక జవాబు రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. సర్ పక్షాన రాస్తే ఆమె మొఖం, ఆమె పక్షాన రాస్తే ఎన్నడూ చూడని సర్ మొఖం కళ్ల ముందుకు వచ్చేవి. సర్‌కు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున, మా ఆయనకు సగం చెప్పి సగం మింగి, సిరిసిల్ల బయలుదేరాను.

వేములవాడలో గుడికి పోయేవాళ్లంతా దిగిపోతే బస్సు ఖాళీ అయింది. సిరిసిల్లలో దిగి, సర్ ఒకప్పుడు చెప్పిన గుర్తులు పట్టుకుని వెళ్లాను. సందులో రెండు వైపులా సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు. ఇల్లు అడిగితే ఒకామె చేయెత్తి చూపించింది. తలుపు తీసింది సర్ భార్య. నేనెవరో చెప్పగానే, "జగిత్యాల మేడమా? రా బిడ్డ, లోపటికి రా" అని చేయి పట్టుకుని తీసుకుపోయింది.

సర్ కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. నేను ముందు తెరను చూశాను, తర్వాత ఆయన్ను. తెర మీద ఒక్కో అక్షరం నా అరచేయి అంత ఉంది. మొత్తం తెరలో నాలుగైదు వరుసలు, వరుసకు గుప్పెడు అక్షరాలు. సర్ తల ఒక పక్కకు తిప్పి, గోడను చూస్తున్నట్టు కూర్చుని, ఆ తెరను చదువుతున్నారు.

"నువ్వొస్తవని అనుకోలే మేడమ్" అన్నారు. ఆయన చూపు నా చెవి పక్కన ఎక్కడో ఆగింది.

నేను అడగకముందే ఆయనే చెప్పారు.

"కండ్ల నడిమిట్ల మచ్చ. నేను ఎటు చూస్తే అదీ అటే అస్తది. నీ మొఖం చూద్దామంటే మొఖమే కనవడది. పక్కకు చూస్తే జర కనవడతవ్. ఒక కన్ను ఇగ అంతే. రెండోదానికి హైదరాబాద్‌ల సూదులిస్తున్నరు."

"ఎప్పటి నుంచి సర్?"

"శానా రోజులాయె. కిందటేడు నీకు పని అప్పజెప్పిన చూడు, అప్పటికే."

తర్వాత సర్, కోరుట్ల ఆమె ఫార్మాటర్‌తో నమూనాగా సర్దిన ఫైలు ఒకటి తెరిచి చూపించారు. ఒక వరుస తెర దాటి కుడి వైపుకి వెళ్లిపోయింది. దాని వెంట జరుపుకుంటూ పోయారు. చివరికి చేరి, మళ్లీ ఎడమకు వచ్చేసరికి వేరే వరుసలో ఉన్నారు. మళ్లీ మొదటికి వచ్చారు. మళ్లీ తప్పారు.

"గిదీ కథ. ఎనుకకు అచ్చేటాలకు ఏ వరుసల ఉన్ననో తెలుస్తలేదు. మడిచి చూపెట్టుమంటే మడుస్తది. కని ఏది కొత్త వరుస, ఏది పాతదాని తోక, సమజైతలేదు. నేను విరగ్గొట్టి రాసుకున్న కాడ చూపుకు ఒక పట్టు దొరుకుతది."

"గీ ముక్క అక్కడ రాస్తే అయిపోతుండె గద సర్."

"అక్కడ రాస్తే లోకమంత చదువుతది. మా బడిపిల్లలు సుత చూస్తరు అది. బడిల ఎవలకూ తెల్వది నా సంగతి. తెలిస్తే ఇగ పేపర్లు ఎట్ల దిద్దుతడు, పాఠమెట్ల చెప్తడు అని మొదలుపెడతరు. దిద్దుతున్న, చెప్తున్న. ఇంకొన్నేండ్లు చెప్పగలుగుత." మౌస్ పక్కకు జరిపారు. "ఇంకోటి మేడమ్. తెలిస్తే మీరంత, పాపం సారు, అని ఒప్పుకుంటరు. గట్ల నాకద్దు."

వంటింట్లో నుంచి భార్య, "చెప్పుమనే అంటున్న బిడ్డ, నా మాట ఇంటలేడు" అంది.

"నువ్వూ ఎవలకు చెప్పద్దు. కోరుట్ల అమ్మాయికి సుత" అన్నారు సర్. "ఇంటిదాక అచ్చినవ్ గనక దాయలేకపోయిన."

నేను మాటిచ్చాను. అన్నం తినమంటే తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు.

బస్టాండుకు వచ్చాక జగిత్యాల బస్సు ఎక్కాల్సింది. కానీ అక్కడ రుద్రంగి మీదుగా కోరుట్ల పోయే బస్సు కనిపిస్తే అందులో ఎక్కేశాను. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా ఇంటికి పోయి కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. దారంతా మనసులో మాటలు అల్లుకున్నాను. పట్టికలు చదవడానికి వీలుగా ఉండాలని చెబుదామా? పెద్దాయన, పోనీలే అందామా? ప్రతిదీ ఆమె ఒక్క ప్రశ్నతో పడగొడుతుంది. రుద్రంగి దాటాక సీట్లో కూర్చోలేక లేచి కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. సీటున్నా ఎందుకు నిలబడ్డావన్నట్టు కండక్టర్ చూశాడు. కథలాపూర్ దగ్గర రోడ్డు పక్క ఉడికించిన పసుపు ఆరబోశారు. ఆ ఘాటు బస్సులోకి వచ్చింది.

ఆమె ఇంట్లో భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, దాని పక్కన బాబు పాల గ్లాసు. ఆదివారమైనా పని చేస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, నేను ఎక్కడి నుంచి వస్తున్నానో విని ఇంకా ఆశ్చర్యపోయింది.

"ఏమన్నడక్క సర్?"

"పొట్టి వరుసలే గావాలన్నడు."

"ఎందుకట?"

"కారణమున్నది చెల్లె. నాకు తెల్సు. కని నీకు చెప్పరాదు."

ఆమె నా వైపే చూసింది. బాబు చార్జర్ వైరు లాగుతుంటే వాడి చేయి విడిపించింది, మళ్లీ నన్ను చూసింది.

"అంటే నేను బయటిదాన్నా?"

"గట్ల కాదు."

"మరెట్ల? వీణ్ని ఒడిల పెట్టుకొని ఎవలెవలో పంపినయన్ని నేను సాఫు చేస్తున్న. ఒక్క దినం అడిగినవా, చెల్లె ఎట్ల చేస్తున్నవ్ అని? ఇప్పుడు సారు అద్దంటే అద్దు. ఎందుకని అడిగితే చెప్పరాదు. ఆయన పెద్దమనిషి, నేను నిన్నమొన్న అచ్చినదాన్ని. గంతే గద?"

కారణం నోటి దాకా వచ్చింది. ఒక్క మాట చెబితే ఆమె కోపం పోతుంది, నా గుండె తేలికవుతుంది, సర్‌కు ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా. అత్తగారు సర్వపిండి, చాయ్ తెచ్చి పెట్టింది.

"అది నా మాటయితే ఇప్పుడే చెప్తుంటి" అన్నాను. "నా మాట కాదు. నీ సంగతి ఏదన్న నాకు తెలిసి, సర్ వచ్చి అడిగినా నేను గిట్లనే కూసుంట."

నేను వెళ్లేటప్పుడు ఆమె గేటు దాకా వచ్చింది కానీ, ఎప్పుడూ అనే "పోయినంక ఫోన్ చెయ్యక్క" అనలేదు.

తర్వాతి రోజులు అంతకు ముందువాటికంటే అధ్వాన్నం. ముందు తెలియక కొట్టుకునేదాన్ని, ఇప్పుడు తెలిసి. బయటి కుర్రాడు, మీరు తేల్చకపోతే కోడ్ కాపీ తీసుకుని విడిగా నడుపుకుంటాం అని రాశాడు. ఆ హక్కు వాడికి ఉంది. ఎవరైనా తీసుకోవచ్చని మేమే రాసిపెట్టాం. దానికి జవాబు రాయబోయి మూడు మాటల దగ్గరే ఆగిపోయాను. "నువ్వు రెండిండ్ల నడుమ పంచాయితీ పెద్దమనిషి లెక్క అయినవే" అన్నాడు మా ఆయన. "ఇడిసిపెట్టరాదు?" విడిచిపెడదామనే అనుకున్నాను. ఎవరికి అప్పజెప్పాలో తెలియక ఆగాను.

ఒక రోజు పొద్దున కాలేజీకి బయలుదేరి ఆటో కోసం నిలబడి ఉంటే ఆమె ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"అక్క, నేను రెండు ముక్కలు అడుగుత. అవునో కాదో చెప్పు, చాలు. ఆ కారణం పోయేదేనా?"

"కాదు."

"అసొంటిది ఇంకెవలకన్న ఉండచ్చా?"

ఆటో వచ్చి నా ముందు ఆగింది. నేను చేయి ఊపితే వెళ్లిపోయింది.

"ఉండచ్చు" అన్నాను.

"అయితే నాకు ఎవలనేది అక్కర లేదు. ఎంత పొడుగైతే సరిపోతదో సర్‌ను అడుగు. ఫార్మాటర్‌కు గదే చెప్త. కని ఫార్మాటర్ అయితే ఉండాలె. గది మాత్రం నేను ఇడువ."

నేను రోడ్డు పక్కన ఉన్న దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. మొదటి పీరియడ్ పోయింది.

సర్ ఈసారి ఫోన్ ఎత్తారు. తనకు ఎంత సరిపోతుందో చెప్పారు. అందరూ మామూలుగా పెట్టుకునేదాంట్లో సగం కూడా లేదు. ఆమె దానికి సరేనంది. జాబితా చివర ఒక కామా పెడితే ఫార్మాటర్ ఆ వరుసలను కలపదని కనిపెట్టింది. అక్షరాల పట్టికలను అసలే ముట్టుకోవద్దని దానికి రాసిపెట్టింది. బదులుగా సర్ కూడా వదులుకున్నారు. ఆయన మధ్య మధ్య పెట్టుకునే ఖాళీ వరుసలు పోయాయి, ఎడమ అంచుకు అంటించి రాసేది పోయింది. ఆ ఖాళీలు కూడా ఆయన చూపుకు పట్టు అని ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి, అవి తీసేసిన మార్పుకు ఒప్పుకోలు నొక్కడానికి నాకు చాలాసేపు చేయి రాలేదు.

ఆమె నియమాల పేజీ రాసింది. మొదటి వాక్యం చదివి నాకు చెమట పట్టింది: "పెద్ద అక్షరాలు పెట్టుకుని చదివేవాళ్లకు కూడా ఈ కోడ్ అందాలి, అందుకే ఇక్కడ వరుసలు పొట్టిగా ఉంటాయి." నేనేమీ చెప్పలేదు. నా రెండు జవాబుల నుంచి తనే లాక్కుంది. వెంటనే సర్‌కు ఫోన్ చేశాను.

"చదివిన" అన్నారు. తర్వాత, "నువ్వు చెప్పినవా?"

"లేదు సర్. ఆమె అడిగింది, పోయేదా అని, ఇంకెవలకన్న ఉండచ్చా అని. నేను అవును, కాదు అన్న. గంతే."

ఫోన్లో వెనకాల సాంచెల చప్పుడు వినిపించింది.

"దాంట్ల నా పేరు లేదు" అన్నారు చివరికి. "ఉండనీయి." ఫోన్ పెట్టేశారు. నన్ను నమ్మారో లేదో ఆ గొంతులో తెలియలేదు. ఆ తర్వాత అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

బయటి కుర్రాడు అన్నంత పనీ చేశాడు. ఇంత పొట్టి వరుసల్లో మేం రాయలేం అని కాపీ తీసుకుని వెళ్లాడు, ఇంకో ఇద్దరు వాడి వెంట. మంచి పనిమంతులు. వాళ్లకు అసలు కారణం చెప్పగలిగి ఉంటే ఉండేవాళ్లేమో. వాళ్ల కాపీలో చేసిన మంచి మార్పులు కొన్ని మేమూ తెచ్చుకుంటున్నాం, వరుసలు విరగ్గొట్టుకుని.

సర్ మళ్లీ కోడ్ పంపుతున్నారు, మునుపటంత కాదు. సూదుల కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు కొన్నాళ్లు ఆయన వైపు నుంచి ఏమీ రాదు. ఆయన చూడాల్సినవి అప్పుడు ఆమె చూస్తుంది. చూడమని ఎవరూ చెప్పలేదు. ఒకసారి ఫోన్లో, "సర్‌తోని మాట్లాడిన అక్క, శానా సేపు" అంది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "వరుసల గురించే" అంది.

ఇప్పుడు వేరే తగువు నడుస్తోంది. కోడ్ మధ్యలో రాసే వివరణలు తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులో ఉండాలా అని. బయటివాళ్ల కోసం ఇంగ్లీషు మేలని నేను రాశాను. సర్, ఆమె ఇద్దరూ తెలుగే అంటున్నారు. ఈ పొద్దు ఆమె ఒక పెద్ద జవాబు పెట్టింది, దాని కింద సర్ ఇంకొకటి. రెండూ చదవాలి. రేపటి క్లాసుకు తయారవ్వాలి కూడా. ముందు ఏది చేయాలో తోచక ఇంతసేపటి నుంచి కంప్యూటర్ ముందు లేస్తూ కూర్చుంటూ ఉన్నాను.